ఫారంలో తెలుగు పేరుకి ఒక గడి

కొత్త సభ్యుల పట్టికలో అందరి పేర్లూ ఇంగ్లీషులో ఒకే తీరుగా రాయించాలని కొందరు అంటున్నారు. నాకది మంచిదనిపించడం లేదు.

'నాయుడు'ని మనలో కొందరు ఎన్ ఏ ఐ డి యు అని, కొందరు ఎన్ ఏ వై యు డి యు అని రాస్తారు. నాయక్కర్‌కి ఇంకా ఎక్కువ రూపాలు. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్ పేరే ఒక పుస్తకంలో నాయక్, ఇంకోదాంట్లో నాయక్కర్. మన పేరు తెలుగు నోట పుట్టి, తమిళ అక్షరంలోకి ఎక్కి, అక్కడినుంచి ఇంగ్లీషులో దిగుతుంది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ అంతే. అందుకే ఇంట్లో గంగమ్మ కాగితంలో కంగమ్మ అవుతుంది. బాలయ్య పాలయ్య అవుతాడు. రాసిన గుమాస్తాని అనడానికి లేదు, అతను చూసిన అక్షరమే రాశాడు.

ఇప్పుడు మనం ఒక స్పెల్లింగు ఖాయం చేస్తే ఏమవుతుంది? ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి ఉన్నవాళ్లకు సంఘం పట్టికలో నాలుగోది చేరుతుంది. రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ రాయించుకోవడానికి తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుసు. ఇంగ్లీషు గడిలో ఆధార్‌లో ఉన్నదే ఎత్తిరాయండి, చాలు.

చైనావాళ్లను చూడండి. వాళ్లలో ఒకే ఇంటిపేరుని పెకింగ్ మాటలో చెన్ అంటారు, కాంటనీస్‌లో చాన్, హొక్కియన్‌లో తాన్. సింగపూర్‌లో తాన్‌లు కోకొల్లలు. 1958లో చైనా ప్రభుత్వం పిన్‌యిన్ పద్ధతి తెచ్చాక మన పత్రికల మావో సేటుంగ్ కూడా మెల్లగా మావో జెడాంగ్ అయ్యాడు. ఇంత గందరగోళంలోనూ వాళ్లు ఒకర్నొకరు పోల్చుకుంటారు, ఎందుకంటే వాళ్ల లిపిలో ఆ పేరుకి అక్షరం ఒకటే. దాన్ని వాళ్లు వదల్లేదు.

మనం వదిలేశాం. వాడిపట్టిలో తెలుగు మాట్లాడే ఇళ్లకు తక్కువ లేదు, చదివేవాళ్లు వేళ్లమీద లెక్కే. (ఇది చదివినవాళ్లు ఇంట్లో మిగతావాళ్లకు వినిపించండి.) ఇంకో తరం పోతే కంగమ్మ అసలు ఎవరో చెప్పేవాళ్లుండరు.

కాబట్టి నేనడిగేది ఫారంలో ఒక్క గడి, తెలుగులో పేరుకి. రాయడం రానివాళ్లు అవ్వ, తాత ఎలా పిలుస్తారో నోటితో చెబితే చాలు, తెలిసినవాళ్లం రాసిపెడతాం. ఫారాలు అచ్చుకి పోకముందే కార్యదర్శిగారు ఈ మాట కమిటీలో పెట్టాలి.