కొత్త విమానం - పైలట్ చదువు

మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి కేంద్ర ప్రభుత్వం 2025లో అనుమతించిన నాటి నుండి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో నలుగురు కూడిన చోట విమానాల ప్రసక్తి రాక మానదు. రన్‌వే ఎంత పొడవు, చుట్టుపక్కల భూమి ధర ఎంత అన్నదే చర్చ. అక్కడ దిగబోయే విమానాన్ని నడపడానికి పైలట్ ఎంత చదవాలి, ఆ సంగతి ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న మాత్రం వినరాదు. నా దృష్టిలో అదే ముఖ్యమైనది.

కొత్త విమానం తయారైనప్పుడు ప్రభుత్వాలు రెండు పరీక్షలు పెడతాయి. మొదటిది యంత్రానికి. రెండవది ఆ యంత్రాన్ని మనిషి చేతికి అప్పగించే విషయమై. అమెరికాలో ఈ రెండవ పనికి ఫ్లైట్ స్టాండర్డైజేషన్ బోర్డు అనే మండలి ఉన్నది. తయారీదారు ప్రతిపాదించిన శిక్షణను ఎంపికైన పైలట్లకు ఇచ్చి, ఆ చదువుతో వారు విమానాన్ని క్షేమంగా నడపగలరో లేదో పరీక్షిస్తారు. పాత విమానానికి, కొత్తదానికి గల భేదాన్ని ‘ఎ’ నుండి ‘ఇ’ వరకు అయిదు మెట్లుగా కొలుస్తారు. అడుగు మెట్టున కొన్ని పుటలు చదువుకుంటే చాలు; పై మెట్టున కొత్త అర్హతనే సంపాదించుకోవాలి.

మెట్టు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. బోయింగ్ 737 మాక్స్‌కు సిమ్యులేటర్ శిక్షణ అవసరమైతే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని ఆ సంస్థ ఒక అమెరికన్ కంపెనీకి మాట ఇచ్చినది. కంప్యూటర్ పాఠంతో సరిపోతుందని బోర్డు తీర్పు చెప్పినది. విమానం ముక్కును తనంత తానే కిందికి దించే ఎం.క్యాస్ అన్న ఏర్పాటు ఊసే పైలట్ల పుస్తకంలో లేకపోయినది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది మరణించారు. విద్యార్థి తన సిలబస్‌ను తానే కుదించుకుంటే పరీక్షాధికారి సంతకం చేసినట్లయినది.

కొత్తదానికన్న పాతదానిని పోలినదే ఎక్కువ మోసం చేస్తుంది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు దీనిని వివరించనక్కరలేదు. ఉర్దూలో ఖరీద్ అంటే కొనుగోలు. తెలుగులో ఖరీదు అంటే వెల. బొత్తిగా తెలియని మాట దగ్గర ఆగి నిఘంటువు తీస్తాము. తెలిసినదనుకున్న మాట దగ్గర ఆగము.

ఈ పాఠం మన దేశం అంతకు పూర్వమే చూచినది. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-320 రన్‌వే చేరకముందే నేలను తాకి, అందులోని 146 మందిలో 92 మంది మరణించారు. ఆ రకం విమానాలు మనకు వచ్చి ఏడాదైనా కాలేదు. ఇంజన్లు అత్యల్ప శక్తితో తిరుగుతున్న సంగతిని పైలట్లు సకాలంలో గ్రహించలేకపోయారు. పాత విమానాలలో యంత్రమే ఇంజను శక్తిని మార్చినా చేతి కింద లీవర్లు కదిలేవి. ఎ-320లో అవి కదలవు. చేతికి తెలిసే సంగతిని ఇక కంటితో చూచి తెలుసుకోవలసి వచ్చినది. ప్రభుత్వం ఆ విమానాలను కొన్ని నెలలు నిలిపివేసినది. విమానం చెడ్డది కాదు. నేడు మన ఆకాశంలో విరివిగా తిరిగేది ఆ కుటుంబమే.

పెద్ద దేశాలు పరీక్షించిన దానిని మనం మళ్లీ పరీక్షించడం దండుగ అనేవారున్నారు. వారి వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని అమెరికాలో విమాన కంపెనీలో చేరే పైలట్‌కు సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు చాలు. అక్కడివారికి సరిపోయిన పాఠం ఇక్కడి కుర్రవానికి సరిపోతుందని ఎట్లా అనుకోవడం? 2020లో మాక్స్ శిక్షణను లండన్ సమీపాన తిరిగి పరీక్షించినప్పుడు అమెరికా, యూరప్, కెనడా, బ్రెజిల్ అధికారులు కూర్చున్నారు. మనవారు లేరు. 2023లో ఎయిర్ ఇండియా ఒక్కటే 470 విమానాలు కొన తలపెట్టినది. వాటిలో 190 మాక్స్‌లే. ఇంత సొమ్ము పోసి కొనే దేశానికి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ అడిగే హక్కు ఉన్నదని నా అభిప్రాయం. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల శిక్షణ కేంద్రాన్ని హైదరాబాదులోనే నెలకొల్పినది. ఈ విద్య మనకు పరాయిది కాదు.

కుర్చీతోనే పని తీరదు. 2021 ఆగస్టులో మాక్స్‌ను తిరిగి అనుమతించినప్పుడు మన పౌర విమానయాన డైరెక్టరేట్ సిమ్యులేటర్ శిక్షణను తప్పనిసరి చేసినది. 2022 ఏప్రిల్‌లో ఒక సంస్థకు చెందిన 90 మంది పైలట్ల శిక్షణ సరిగా జరగలేదని కనుగొని, మళ్లీ నేర్చుకునేవరకు ఆ విమానం నడపరాదని ఆపినది. మెచ్చదగిన పనే. అయితే అప్పటికి వారు ప్రయాణికులను ఎక్కించుకొని తిరుగుతూనే ఉన్నారు.