కంఠత వాక్యం సరే, చదవడం మాటేమిటి?

మన సండేస్కూలు పిల్లలు కంఠత వాక్యాలు గడగడా చెబుతారు. అదే వాక్యం బైబిలులో చూపి చదవమంటే చాలామంది తల దించుకుంటారు. పట్నంలో చాలా ఇళ్లలో బడికి ముందే బొమ్మల పుస్తకాలు చేతికొస్తాయి. మన ఇళ్లలో ఉన్నది బైబిలొక్కటే, అదీ ఆదివారం దాకా సంచిలోనే. తెలివిలో తేడా లేదు.

మూడో తరగతికల్లా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో ప్రభుత్వం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. అయితే బడి ఒక్కటే చాలదు. తిమోతికి బాల్యంనుండే లేఖనాలు తెలుసు. ఆ ఇంట్లో అవ్వ లోయి, తల్లి యునీకే ఉన్నారు. తల్లికి అక్షరాలు రాకున్నా, కుటుంబ ప్రార్థనలో పెద్దపిల్లచేత రెండు వచనాలు వేలు పెట్టి చదివించి, చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టవచ్చు.

ఇన్నాళ్లూ కంఠతకే బహుమతులిచ్చాం, అది మా పొరపాటు. ఈ ఆదివారం నుండి ఆరాధన తర్వాత అరగంట పిల్లలతో చదువుతాం. మీరూ సంచిలోని బైబిలు తీయండి. ఆమేన్.