వాహనాల లోపలి పరిశుభ్రత: ఘాటు మందుల కన్న సరైన పద్ధతే రక్ష

గడివేముల: రోగిని నంద్యాల ఆసుపత్రికి చేర్చిన కారులోనే మర్నాడు పిల్లలు బడికి వెళ్లడం గ్రామీణ ప్రాంతాల్లో సాధారణం. అద్దెకు తిరిగే కార్లు, జీపుల విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ. నంద్యాల జిల్లా గడివేముల మండలంలో నల్లరేగడి పొలాల దుమ్ముకు తోడు సున్నపురాయి, సిమెంటు రవాణా ఉన్నందున వాహనాల లోపలికి ధూళి చేరుతూనే ఉంటుంది. ఈ పరిస్థితిలో వాహనాన్ని లోపల శుభ్రపరచడం ఎంత అవసరమో, ఆ పనిని ప్రమాదం లేకుండా చేయడం అంతే అవసరం.

కొవిడ్ నేర్పిన పాఠం

2020 వేసవిలో రాష్ట్రంలో కొవిడ్ కేసులు అత్యధికంగా నమోదైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. గడివేముల అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 మార్చి 29న జారీ చేసిన మార్గదర్శకాలలో బహిరంగ ప్రదేశాల శుద్ధికి 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను, బ్లీచింగ్ పనికిరాని లోహపు ఉపరితలాలకు 70 శాతం ఆల్కహాల్‌ను సూచించింది. మనుషులపై రసాయనాలు చల్లరాదని ఏప్రిల్ 18న స్పష్టం చేసింది. అయినప్పటికీ ఎంత ఎక్కువ చల్లితే అంత రక్షణ అన్న అపోహ ప్రజల్లో బలపడింది.

ఆ తరువాతి పరిశీలనలు ఈ అపోహను సమర్థించలేదు. వస్తువులను తాకడం ద్వారా కొవిడ్ సోకే ముప్పు సాధారణంగా 10,000లో 1 కన్న తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. మూసిన కారులో ప్రధానమైన ముప్పు పక్కవారు వదిలే గాలి నుంచే వస్తుంది. అద్దాలు కొద్దిగా దించి బయటి గాలి ఆడేలా చేయడం ఖర్చు లేని రక్షణ. ఏసీ వాడేటప్పుడు లోపలి గాలే తిరిగే మీట కాక బయటి గాలి వచ్చే మీట వేయడం, ఏసీ ఫిల్టర్‌ను తయారీదారు చెప్పిన గడువులో మార్చడం మేలు.

శుభ్రపరిచే క్రమం

ముందుగా వాహనాన్ని నీడలో నిలిపి, ఇంజిన్ ఆపి, నాలుగు తలుపులూ తెరవాలి. మ్యాట్లు బయటకు తీసి దులపాలి. లోపల పొడి చీపురుతో ఊడిస్తే సన్నని ధూళి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది కనుక వాక్యూమ్ క్లీనర్ లేదా తడి గుడ్డ వాడాలి. ముఖానికి మాస్కు ఉండాలి. తరువాత సబ్బు నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. మట్టి, జిడ్డు పోనిదే క్రిమిసంహారకం సరిగా పనిచేయదు.

చివరగా స్టీరింగ్, గేరు రాడ్, తలుపుల పిడులు, సీటు బెల్టు బకిల్ వంటి చేతులు తగిలే భాగాలను 70 శాతం ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, కనీసం నిమిషం పాటు తడి ఉండనివ్వాలి. మందును స్విచ్‌లు, తెరలపై నేరుగా చల్లరాదు. తెరలు, తోలు సీట్ల విషయంలో తయారీదారు సూచన చూడాలి. సీటు బెల్టు పట్టీకి సబ్బు నీరే చాలు. బ్లీచింగ్ తగిలితే పట్టీ బలం తగ్గి, ప్రమాద సమయంలో ప్రాణం కాపాడవలసిన సాధనమే విఫలం కావచ్చు. రోగి వాంతి, రక్తం పడినచోట చేతి తొడుగులు ధరించి, ముందు పాత గుడ్డతో పీల్చి తీసి, ఆపై కడిగి శుద్ధి చేయాలి.

ప్రమాదం ఎక్కడ

బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి శుభ్రపరిచే యాసిడ్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇరుకైన కారులో అది క్షణాల్లో ఊపిరాడకుండా చేయగలదు. హైపోక్లోరైట్ లోహాన్ని తినివేస్తుంది, బట్ట సీట్ల రంగును పోగొడుతుంది. శానిటైజర్ ఆవిరి మండే స్వభావం కలది. ఎండలో మూసి ఉంచిన కారులో ఉష్ణోగ్రత గంటలో సుమారు 20 డిగ్రీలు పెరగగలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాల ప్రాంతంలో శానిటైజర్ సీసాను కారులో వదలడం, తుడిచిన వెంటనే లోపల సిగరెట్ వెలిగించడం ప్రమాదకరం. ఈ సీసాలను పిల్లలకు అందకుండా ఉంచాలి. 2020 జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పది మందికి పైగా మరణించిన ఘటన ఆ ద్రవం ఎంతటి విషమో చాటింది.

చేయవలసినది

అంబులెన్సులకు ఆసుపత్రి స్థాయి శుద్ధి తప్పనిసరి. కుటుంబ వాహనానికి, పాఠశాల ఆటోకు ఆ స్థాయి రసాయనాలు అక్కరలేదు. సబ్బు, నీరు, గాలి, మితమైన ఆల్కహాల్ సరిపోతాయి. అంటువ్యాధుల కాలంలో రసాయనాల పంపిణీతో పాటే వాటి మోతాదు, కలపకూడని మందులు, ఆరబెట్టే సమయం గురించి మండల స్థాయిలో డ్రైవర్లకు తెలియజేయడం అధికారుల బాధ్యత. ఈ వివరాలను సరళంగా ప్రజలకు చేరవేయడంలో పాత్రికేయుల సహకారం ఎంతైనా అవసరం.