నాన్న మిత్రులను పిల్లలు ఎరుగుదురా?

బొగ్గుగనుల ఊళ్లలో స్నేహాలకు బదిలీలు తప్పవు. గోదావరిఖనిలో ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసినవారు కొన్నేళ్లకు ఒకరు గోదావరి అవతల మందమర్రికి, ఒకరు భూపాలపల్లికి, మరొకరు కొత్తగూడేనికి చేరుకుంటారు. ఉద్యోగ విరమణతో కంపెనీ క్వార్టరు కూడా ఖాళీ చేయవలసిందే. ఇరుగుపొరుగు అంతటితో చెదిరిపోతుంది.

అందుకే సింగరేణి ఏరియాల మధ్య జరిగే పోటీలను మేము కేవలం ఆటలుగా చూడము. కంపెనీ స్థాయిలో రాణించినవారు కోల్ ఇండియా పోటీలకు వెళతారు, అది సంతోషమే. అయితే ఫుట్‌బాల్ అయినా, కబడ్డీ అయినా, మైదానం అంచున పాత మిత్రులు తారసపడతారు. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, కాలం చేసినవారి పేర్లు మాటల్లోకి వస్తాయి.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మక్కా మార్గంలో ఎదురైన ఒక ఎడారివాసికి తాను స్వారీ చేసే గాడిదనూ, తన తలపాగానూ ఇచ్చివేశారు. ఎడారివాసులు కొద్దిపాటితోనే తృప్తి చెందుతారు కదా అని వెంట ఉన్నవారన్నారు. ఇతని తండ్రి మా తండ్రికి ఆప్తుడని ఆయన బదులిచ్చారు. తండ్రి మిత్రుల కుటుంబాలతో సంబంధం నిలుపుకోవడం గొప్ప సత్కార్యమన్న ప్రవక్త (స) బోధనను గుర్తుచేశారు. సహీహ్ ముస్లింలో ఈ ఉదంతం ఉంది.

మన పిల్లలు ఈ బాధ్యత నెరవేర్చాలంటే ముందు ఆ మిత్రులెవరో వారికి తెలియాలి కదా! ఈసారి పోటీలకు వెళ్లేటప్పుడు కొడుకునో, కూతురినో వెంటబెట్టుకొని వెళదాం. "సలాం చెప్పు, నాతో కలిసి గనిలోకి దిగిన చాచా ఈయనే" అని పరిచయం చేద్దాం. మన తదనంతరం ఆ ఇంటి తలుపు తట్టవలసినది వారే.