సబ్‌స్టేషన్ బ్యాటరీలను పరీక్షిస్తున్నారా?

కొల్లాపూర్: 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది మరణించిన సంగతి పాఠకులకు విదితమే. వారిలో ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు కాగా, ఇద్దరు బ్యాటరీల పనికై వచ్చిన కంపెనీ సిబ్బంది. దర్యాప్తును ప్రభుత్వం సి.ఐ.డి.కి అప్పగించింది.

900 మెగావాట్లు పుట్టించే చోట బ్యాటరీలతో పనేమిటన్న సందేహం కలుగవచ్చును. శ్రీశైలం జలాశయం కింద ఊళ్ళు, పొలాలు పోగొట్టుకున్న ఈ ప్రాంత రైతులు దీనిని తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే మన పల్లెల సబ్‌స్టేషన్లూ బ్యాటరీల మీదనే ఆధారపడి ఉన్నాయి.

లైనులో లోపాన్ని కనిపెట్టేది రిలే, కరెంటు తెంచేది బ్రేకర్. లోపం వచ్చిన క్షణాన లైను కరెంటే పడిపోవచ్చు గనుక వీటికి బ్యాటరీ నుంచి డీసీ కరెంటు ఇస్తారు. పెద్ద కేంద్రాలలో రెండేసి వోల్టుల సెల్లులు సుమారు 110 వరుసగా కలిపి 220 వోల్టులు తెస్తారు. ఒక్క సెల్లు లోపల తెగినా వరుస మొత్తం తెగినట్లే. ఇక పల్లె సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ చచ్చిన వేళ 11 కేవీ తీగ తెగి పొలంలో పడితే బ్రేకర్ పడదు. తీగలో కరెంటు అలాగే ఉంటుంది. తెల్లవారుజామున దానిని తొక్కేది ఎద్దు కావచ్చు, మోటారు వేయపోయిన రైతు కావచ్చు. (ఎండిన నేల మీద పడిన తీగకు బ్యాటరీ బాగున్నా బ్రేకర్ పడకపోవచ్చును. కనుక తెగిన తీగ దరికి ఎన్నడూ పోరాదు.)

చిక్కేమంటే, చచ్చిన బ్యాటరీ కూడా బతికున్నట్లే కనబడుతుంది. ఛార్జరు రాత్రింబగళ్ళు తగిలించి ఉంటుంది గనుక మీటరు పెడితే సెల్లుకు 2.2 వోల్టుల పైచిలుకు చూపుతుంది. అది ఛార్జరు బలమేగాని బ్యాటరీ బలం కాదు. పాత ట్రాక్టరు సంగతి రైతులకు తెలిసిందే: హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. ఛార్జరు తీసి, లోడు పెట్టి, ఎన్ని గంటలు నిలుస్తుందో చూస్తేనే అసలు సత్తువ బయటపడుతుంది. ఈ పరీక్ష జరిగినంతసేపు వేరే బ్యాటరీ ఏర్పాటు ఉండాలి. అందువల్లనే ఇది తరచు వాయిదాపడే పని.

రోజువారీ పనులు చిన్నవే. హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత చూడాలి. నిండా ఛార్జి అయిన సెల్లు 1.200 ప్రాంతంలో చూపుతుంది. తక్కినవాటికంటే ఒకటి బాగా తగ్గితే దానిని అనుమానించాలి. తగ్గిన నీటికి డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీరు పనికిరాదు. గదికి గాలి ఆడాలి; సెల్లుల నుంచి వచ్చే హైడ్రోజన్‌కు బీడీ నిప్పు చాలు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన మే నెల ఎండలకు ఇది పెద్ద దెబ్బే.

చివరి లోడు పరీక్ష ఎప్పుడు జరిగిందని గ్రామ పంచాయతీలు విద్యుత్ శాఖ ఏ.ఇ.ని లిఖితపూర్వకంగా అడగవచ్చును. సెల్లుల రీడింగుల రిజిస్టరు కూడా చూపమని కోరవచ్చును. నెలల తరబడి అన్ని సెల్లులకూ ఒకే అంకె రాసి ఉంటే, అది హైడ్రోమీటరు ముంచి రాసిన అంకె కాదు.