పావలా తీపి

బాల్యం మధురమని చెప్పుకోవడం మనకు పరిపాటి. ఆ మాధుర్యం ఎక్కడ ఉండేదని అడిగితే మాత్రం చాలామంది వెంటనే సమాధానం చెప్పలేరు. నా మట్టుకు నాకు అది పావలా బిళ్ళలో ఉండేది. చిత్తూరులో మా వీధి చివరి బంకులో ముసలాయన గాజుసీసా మూత తీసి, రంగు కాగితం చుట్టిన చాక్లెట్టును అరచేతిలో పెట్టేవాడు. ఆ పావలా 2011 జూన్ 30 నుండి చెల్లకుండా పోయింది. దానితో కొన్న తీపి మాత్రం ఈనాటికీ నాలుకపై నిలిచే ఉంది.

మా వయసువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట చివరకు అక్కడికే వస్తుంది. నిమ్మతొనలు, జీళ్ళు, కమ్మరకట్టు, బొరుగుల ఉండలు, చెనక్కాయల అచ్చులు, పీచు మిఠాయి, పుల్ల ఐసు, పాల ఐసు, సేమ్యా ఐసు - ఒక్కొక్క పేరూ తలచుకొని, ఈనాటి పిల్లలకు ఆ భాగ్యం లేదని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు న్యాయమైనదేనా? దానివల్ల ఎవరికైనా మేలు జరుగుతున్నదా? ఈ రెండు ప్రశ్నలే నా చేత ఈ వ్యాసం వ్రాయించాయి.

మన కళాశాలలో రెండు భాషలవారం కలిసి చదువుకుంటున్నాము గనుక ముందుగా మాటల సంగతి చెప్పుకుందాము. సంస్కృతంలోని ‘ఖండ’ శబ్దం పారసీకంలో ‘కంద్’, అరబ్బీలో ‘కందీ’ అయి, ఐరోపా భాషల మీదుగా ఆంగ్లానికి చేరి ‘క్యాండీ’ అయింది. ‘శర్కర’ ఉర్దూలో ‘శకర్’ అయింది. ‘శరబత్తు’ త్రాగుట అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి వచ్చింది. ‘బర్ఫీ’లో మంచు అని అర్థమిచ్చే ‘బర్ఫ్’ ఉన్నది. ఏ భాషకు ఏ భాష రుణపడిందో లెక్క తేల్చడం కష్టం. పీర్ల పండుగకు మా వీధిలో పంచిన శరబత్తు, శ్రీరామనవమికి పక్క వీధిలో పంచిన పానకం మా పిల్లమూక పాలిట ఒకే దాహానికి రెండు పేర్లు. రెండుచోట్లా రెండేసి సార్లు వరుసలో నిలబడినవాళ్ళం మేము.

చిత్తూరువారికి మిఠాయి జ్ఞాపకమంటే మొదట స్ఫురించే పేరు న్యూట్రిన్. 1952లో బి. వెంకట్రామరెడ్డిగారు చిత్తూరులో స్థాపించిన ఆ సంస్థ దేశంలోని పెద్ద మిఠాయి సంస్థలలో ఒకటిగా ఎదిగింది. ‘మహా లాక్టో’ వంటి పేర్లు దేశమంతటా బంకుల్లో వినిపించేవి. మా ఊరి సరుకు దూరప్రాంతాల పిల్లల జేబుల్లో ఉన్నదని తెలిసినప్పుడు, దానిలో మాకేమీ వాటా లేకపోయినా మేము గర్వపడేవాళ్ళం. పుట్టినరోజు నాడు తరగతిలో పంచే చాక్లెట్టు ఆ పేరుతో ఉంటే పంచినవాడికి ఆ రోజంతా గౌరవం దక్కేది. 2006లో గోద్రెజ్ సంస్థ న్యూట్రిన్‌ను కొన్నది. మరుసటి ఏడు అమెరికాకు చెందిన హెర్షీ సంస్థ అందులో భాగస్వామి అయింది. 2012లో గోద్రెజ్ వాటా కూడా హెర్షీ చేతికే వెళ్ళింది. వ్యాపారంలో ఇటువంటివి సహజమే గనుక నేను ఎవరినీ తప్పు పట్టను. అయితే ఒక ఊరు తన శ్రమతో దేశానికంతటికీ తీపి పంచగలిగిందన్న సంగతి నేటి మన విద్యార్థులలో చాలామందికి తెలియకపోవడం విచారించదగినది.

ఇక చల్లని పదార్థాల కథ మరింత విచిత్రమైనది. సురేకారంతో నీటిని చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ ‘ఐనె అక్బరీ’లో వర్ణించాడు. పర్వతాల నుండి లాహోరుకు మంచు తెప్పించుకోవడం చక్రవర్తికి, ప్రభువులకు చెల్లిన భోగం. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు వచ్చాయి. అలా వచ్చిన మంచును నిలువచేయడానికి 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన ‘ఐస్ హౌస్’ తర్వాతి కాలంలో వివేకానందుని స్మారక భవనమైంది. అక్బరు పాదుషాకు దుర్లభమైన ఆ చల్లదనాన్ని ఒక బండివాడు అర్ధరూపాయికి మా బడి గేటు వద్దకు తెచ్చి ఇచ్చేవాడు. చెక్కపెట్టెలో పగలగొట్టిన మంచు, దానిపై పిడికెళ్ళతో చల్లిన కల్లుప్పు - ఇంతే అతని యంత్రం. ఉప్పు కలిసిన మంచు సున్నాకు దిగువ 21 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబడగలదని నేను పుస్తకంలో చదివింది ఎంతో కాలం తర్వాత. ఆ శాస్త్రం అతని వేళ్ళకు అప్పటికే తెలుసు.

జ్ఞాపకం తియ్యనిది కాబట్టి నిజాన్ని దాచరాదు. ఆ ఐసులో వాడిన నీరు ఎక్కడిదో మాకు తెలియదు. పుల్ల చీకగానే రంగంతా నోట్లోకి దిగి తెల్లని మంచు మిగిలేది. చక్కెరకు బదులు, దానికంటే సుమారు 300 రెట్లు తియ్యనైన శాకరిన్ కలిపేవారని పెద్దలు అనేవారు. ఒక వేసవిలో నేను కామెర్లతో మంచం పట్టాను. మా దాదీ ఆ నేరమంతా ఐసుబండి మీదనే మోపింది. ఆమె మాట పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనలేను. కాబట్టి పాతదంతా అమృతం, కొత్తదంతా విషం అనే వాదనతో నాకు ఏకీభావం లేదు.

మరి నేనీ విషయం ఎందుకు ఎత్తుకున్నాను? గత వేసవిలో జరిగిన ఒక సంఘటన అందుకు కారణం.

ఆ వారంలో ఒకనాడు తరగతిలో పదాల పుట్టుక చెబుతూ, ‘కుల్ఫీ’ అంటే మూతగల గిన్నె అని వివరించి, ఆ ఊపులో మా బడి ముందరి ఐసుబండిని ఎంతో రసవత్తరంగా వర్ణించాను. విద్యార్థులు నవ్వారు. గంట మోగింది. రెండు రోజుల తర్వాత సాయంకాలం తిరుపతి బస్టాండు సమీపంలో ఎర్రగుడ్డ చుట్టిన కుండతో ఒక కుల్ఫీ బండి కనిపించింది. దగ్గరకు వెళ్ళాను. బండి వెనుక ఉన్న యువకుడు నన్ను చూసి తల దించుకున్నాడు. మూడవ బెంచీలో కూర్చునే మా విద్యార్థి.

“మా అబ్బాకు ఒంట్లో బాగలేదు సార్. క్లాసులో చెప్పొద్దు సార్” అన్నాడు.

నేను కుల్ఫీ తీసుకొని డబ్బు ఇవ్వబోతే మొదట వద్దన్నాడు. బలవంతంగా చేతిలో పెట్టి, ఎలా చేస్తారని అడిగాను. పాలు సగానికి మరగవలసిన సంగతి, పొయ్యి దగ్గర గరిటె ఆపకూడని సంగతి, ఉప్పు తక్కువైతే గడ్డ కట్టదని, మూతలో సందు ఉంటే ఉప్పునీరు లోపలికి దిగి సరుకంతా పాడవుతుందని అతడు చెప్పిన తీరు, నేను తరగతిలో చెప్పినదానికంటే ఎంతో స్పష్టంగా ఉన్నది. రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరి, తెల్లవారుజామున మళ్ళీ పాలు కాచాలట. అంతకు పది రోజుల ముందే అతని జవాబు పత్రంపై “అశ్రద్ధ” అని ఎర్రసిరాతో వ్రాసింది నేనే.

నాకు మధుర స్మృతి అయినది అతనికి జీవనోపాధి. నేను దానిని వర్ణించి మెప్పు పొందాను. అతడు దానిని దాచిపెట్టి పరువు కాపాడుకోవలసి వచ్చింది. ఈ వ్యత్యాసానికి కారణం బండి కాదు, మన చూపు. తిన్నవాడు జ్ఞాపకంగా చెప్పుకొనే వస్తువును అమ్మినవాడు అవమానంగా దాచుకోవలసిన స్థితి ఉన్నంతకాలం మన నిట్టూర్పులకు విలువ లేదని నా అభిప్రాయం.

మరొక సంగతి. 2025 వేసవిలో మన జిల్లాల తోతాపురి రైతులు కొనేవారు లేక కాయలను రోడ్ల పక్కన పారబోశారు. కిలో 12 రూపాయలు దక్కేలా చూస్తామని, అందులో 4 రూపాయలు తాను భరిస్తానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. అదే ఎండలో మన విద్యార్థులు ఎక్కడినుండో వచ్చిన రంగునీళ్ళ సీసాలు కొని త్రాగారు. మామిడి మనది, చిత్తూరు బెల్లం మనది, చెనక్కాయలు మనవి, నన్నారి శరబత్తు రాయలసీమ సొత్తు. వీటిని వదలుకొని పాత రుచులు పోయాయని వాపోవడం ఏమి న్యాయం?

కళాశాల కమిటీవారికి నా విన్నపాలు మూడు. మొదటిది: వార్షికోత్సవానికి, ఆటల పోటీలకు కావలసిన మిఠాయిలను, శరబత్తులను ఈ వృత్తులలో ఉన్న మన విద్యార్థుల కుటుంబాల నుండే కొనండి. రెండవది: క్యాంటీనులో నన్నారి శరబత్తుకు, మామిడి రసానికి, చెనక్కాయల అచ్చులకు ఒక బల్ల కేటాయించండి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం చేయవలసిన నమోదుకు మనమే సహాయపడదాము. నీటిని రసాయనశాస్త్ర విద్యార్థులు పరీక్షిస్తారు, లెక్కలు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు వ్రాస్తారు. మూడవది: సాయంకాలం పనిచేసి చదువుకొనేవారి జాబితాను గోప్యంగా సేకరించి, వారికి విడిగా పాఠాలు చెప్పే ఏర్పాటు చేయండి. ఆ పాఠాలలో తెలుగు భాగాన్ని నేను స్వచ్ఛందంగా చెబుతాను.

తీపి ఆరోగ్యానికి మంచిది కాదు కదా అని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. వారి మాట నిజమే. అయితే పావలా తీపి చిన్నది. ఒక చాక్లెట్టును చొక్కా అంచులో పెట్టి పంటితో కొరికి ముగ్గురం పంచుకునేవాళ్ళం. హాని అతిలో ఉన్నది. నేటి సీసా ఒక్కడి కోసం చేసినది, పైగా పెద్దది.

విద్యార్థులారా! మీరూ కొంతకాలానికి మీ బాల్యపు రుచులను తలచుకొని నిట్టూరుస్తారు. తప్పులేదు. అయితే ఈసారి బండి దగ్గర నిలబడినప్పుడు, ఆ బండి వెనుక ఉన్నది మీ తరగతివాడైతే ముఖం తిప్పుకోకండి. పేరుపెట్టి పలకరించి, ఒకటి కొనండి. ఆ విద్యార్థి అనుమతితోనే ఈ సంగతి వ్రాశాను. పేరు వ్రాయవద్దని మాత్రం అతడు కోరాడు. వచ్చే సంచిక నాటికి తన పేరు తానే వ్రాసుకోగల వాతావరణం ఇక్కడ ఏర్పడాలని నా ఆకాంక్ష.