నరకకుండంలో పక్షులు



మన ఉద్దానం ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే ఏమి కనిపిస్తుంది? మా బడిలో ఒకసారి ఈ ప్రశ్న వేశాను. "నీళ్ళు" అన్నారు అందరూ. వెనుక బెంచీలో ఉన్న కుర్రవాడొకడు మాత్రం, "మా చిన్నాన్న కనిపిస్తాడు మాస్టారూ!" అన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. కాని వాడు చెప్పింది నవ్వవలసిన మాట కాదు. వాడి చిన్నాన్న అండమానుకు చేపల వేటకు పోయి రెండేళ్ళయింది. ఉద్దానం పల్లెల్లో ఇటువంటి ఇళ్ళు చాలా ఉన్నవి. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. ఓడ దిగే ఊరిని ఇదివరకు పోర్టుబ్లెయిర్ అనేవారు. 2024లో దానికి శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. అక్కడి చేపల రేవులో తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

ఈ నెల మనం అక్కడితో ఆగకుండా ఇంకా అవతలికి పోదాం. మీ అట్లాసులో అండమాను దీవులు తీయండి. ఉత్తర అండమానుకు తూర్పున, సముద్రం మధ్య, ఈగ వాలినంత చుక్క ఒకటి కనిపిస్తుంది. కొన్ని పటాల్లో అది కూడా ఉండదు. దాని పేరు నార్కొండాం. మన పలాస నుండి గీత గీస్తే ఆగ్నేయంగా సుమారు 1200 కిలోమీటర్లు.

ఈ పేరు విని మీకేమైనా తోచిందా? ఇది "నరకకుండం" అన్న మాటే అరిగిపోయి ఇలా అయిందని కొందరు పండితుల అభిప్రాయం. తీరా చూస్తే అక్కడ నరకమూ లేదు, మంటా లేదు. దీవి నిండా పచ్చని అడవి! మరి ఆ పేరు ఎందుకు వచ్చింది? దానికి దక్షిణంగా నూటనలభై కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి అని ఇంకొకటి ఉన్నది. అది నిజమైన అగ్నిపర్వతం. 1787లో అది నిప్పులు కక్కటం ఓడవాళ్ళు చూసి వ్రాసి పెట్టారు. తరువాత చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్ళీ లేచింది. ఆ తరువాతా అప్పుడప్పుడూ పొగా బూడిదా చిమ్ముతూనే ఉన్నది. భారతదేశంలో ఇలా రగిలే అగ్నిపర్వతం అదొక్కటే. కాబట్టి నరకకుండమనే పేరు బారెన్‌కు చెందవలసినదనీ, ఏ నావికుడో పటంలో పొరపాటు పడి పక్క దీవికి తగిలించాడనీ ఊహిస్తున్నారు. ఒక బాలుడి హాజరు ఇంకొకడికి వేసినట్టన్నమాట! ఆ పొరపాటు మేము కూడా చేసినవాళ్ళమే.

నార్కొండాం కూడా పుట్టుకతో అగ్నిపర్వతమే. ఇప్పుడు చల్లారి పడుకున్నది. దాని వైశాల్యం ఏడు చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంత చిన్న నేల మీద 710 మీటర్ల ఎత్తున కొండ లేచి నిలబడింది. మందస నుండి కనిపించే మన మహేంద్రగిరిలో ఇంచుమించు సగం ఎత్తు. ఇక చదును నేల ఎక్కడ మిగులుతుంది? చుట్టూ నిట్రమైన రాళ్ళు, మధ్య మధ్య కొద్దిపాటి ఇసుక. ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలో అల చూసుకొని ఒడ్డుకు చేరాలి. తెప్ప దింపటం, తెప్ప ఎక్కించటం చూసిన ఉద్దానం పిల్లలకు ఆ కష్టం నేను వేరే చెప్పనక్కరలేదు.

అక్కడ ఊరు లేదు. 1969లో ఒక పోలీసు ఠాణా పెట్టారు. దీవి మనదేనని గుర్తుగా కొద్దిమంది పోలీసులు వంతుల వారీగా వచ్చి ఉంటారు. అటు బర్మా, అంటే మయన్మార్, దగ్గర గదా! 1986లో రెండు దేశాలూ సముద్రపు సరిహద్దు గురించి ఒడంబడిక చేసుకున్నవి. నార్కొండాం మన పక్షాననే ఉన్నది.

ఇంతకూ దీవికి నిజమైన కాపురస్థులు ఎవరంటే, పక్షులు. 1873లో హ్యూమ్ అనే ఆయన అక్కడికి పోయినాడు. కాంగ్రెసు మహాసభ పుట్టుక గురించి మీరు పాఠంలో చదివే హ్యూమ్ ఆయనే. ఆయనకు పక్షులంటే పిచ్చి. ఆ ఏడే ఆయన నార్కొండాంలో ఉండే ఒక హార్న్‌బిల్ పక్షిని గురించి లోకానికి తెలియజేశాడు. హార్న్‌బిల్ అంటే ముక్కు మీద కొమ్ము వంటిది ఉండే పెద్ద పక్షి. వీటిలో మగదానికి తల, మెడ ఇటుకరంగు. ఆడది నల్లన. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి ఈ ఒక్క దీవిలోనే ఉన్నది. ఇరుగుపొరుగైన అండమాను దీవుల్లో ఏ రకం హార్న్‌బిల్ అయినా లేదు! దీని చుట్టాలు బర్మా అడవుల్లో ఉన్నవి. ఏనాడో కొన్ని పక్షులు సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడి ఉంటాయి.

వాటి కాపురం వింతగా ఉంటుంది. ఆడపక్షి చెట్టుతొర్రలో దూరి, తన రెట్టతోనూ, పండ్ల గుజ్జుతోనూ ద్వారం మూసేసుకుంటుంది. సన్నని చీలిక మాత్రం మిగులుతుంది. గుడ్లు పొదిగి పిల్లలు పెరిగేదాకా తల్లి ఆ చీకటి గదిలోనే ఉంటుంది. తండ్రి పండ్లు తెచ్చి చీలికలో నుండి అందిస్తూ ఉంటాడు. తండ్రికి ఏమైనా అయితే లోపలివాళ్ళ గతి ఏమిటో మీరే ఆలోచించండి.

వాటికి ముఖ్యమైన ఆహారం మర్రి, జువ్వి జాతుల పండ్లు. గింజలు అడవిలో అక్కడక్కడా పడి మొలుస్తాయి. అడవి పక్షిని పోషిస్తుంది, పక్షి అడవిని నాటుతుంది. ఈ లెక్క సరిగా సాగుతూ ఉండగా, 1976లో ఠాణావాళ్ళ కోసం దీవికి మేకలను తెచ్చారు. ఇక్కడ మన మేకకు కాపరి ఉంటాడు, సంత ఉంటుంది, పండుగ ఉంటుంది. అక్కడ వాటిని అడ్డేవాడు లేడు. అవి వందలకు పెరిగి, లేత మొలకలన్నీ మేసివేయసాగాయి. పెద్ద చెట్టు కూలితే దాని స్థానంలో లేవవలసిన మొక్క మేక కడుపులో ఉండేది. దీవిని 1977లోనే రక్షితస్థలంగా ప్రకటించారు. అయినా మేకలను అక్కడి నుండి తీసివేయటానికి ఏళ్ళు పట్టింది.

తరువాత తీర రక్షక దళంవారు అక్కడ రాడార్ పెడతామన్నారు. 2012లో కేంద్ర పర్యావరణ శాఖ వద్దన్నది. 2014లో ఒప్పుకున్నది. దేశానికి కాపలా అవసరమే, పక్షికి చెట్టూ అవసరమే. నన్నడిగితే, కాపలా పెట్టటానికి సముద్రంలో ఇంకో చోటు వెతకవచ్చు గాని, ఆ పక్షికి ఇంకో చోటు లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? టెక్కలి దగ్గర తేలినీలాపురం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు పెడతాయి. సైబీరియా నుండి వస్తాయని అందరూ అంటారు గాని, ఈ రెండు జాతులూ మన ఆసియా దక్షిణ భాగాన పుట్టి పెరిగేవే. ఒక ఏడు అక్కడ నీరు లేకపోతే అవి ఇంకో చెరువు చూసుకుంటాయి. ఇంకో ఊళ్ళో ఆ జాతి ఉండనే ఉంటుంది.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. పెద్దవాళ్ళు పడిన చెట్టు పక్కన కూర్చొని ఏడవటం నేను చూశాను. అయినా కొబ్బరి అనే జాతి పోలేదు. కోనసీమలో ఉన్నది, కేరళలో ఉన్నది. మొక్క తెచ్చుకొని నాటుకోవచ్చు.

అటువంటి గాలే నార్కొండాం మీదుగా పోతే? ఈమధ్య శాస్త్రజ్ఞులు ఆ అడవిలో నడిచి లెక్క కట్టారు. పక్షులు సుమారు వెయ్యి దాకా ఉండవచ్చునట. అంత చిన్న చోట అన్ని హార్న్‌బిల్‌లు ఉండటం అబ్బురమే. కాని లోకంలో ఉన్నవి కూడా అవే. మన మండలంలోని ఒక పెద్ద ఉన్నత పాఠశాలలో పిల్లలు అంతమంది ఉంటారు.

ఇక మీరు చేయవలసిన పని. అట్లాసులో ఆ చుక్క లేకపోతే, 13 డిగ్రీల 26 నిమిషాల ఉత్తర అక్షాంశం, 94 డిగ్రీల 16 నిమిషాల తూర్పు రేఖాంశం కలిసే చోట సన్నని పెన్సిలుతో మీరే పెట్టండి. పక్కన పేరు వ్రాయండి. బారెన్ దీవిని దక్షిణాన పెట్టాలి సుమా, తారుమారు చేయకండి!